షాట్‌గన్ తూటా పెట్టె మీది అంకెలు ఎలా చదవాలి: బోరు, పొడవు, పెల్లెట్ నంబరు

షాట్‌గన్ తూటాల పెట్టె మీద నాలుగైదు అంకెలు అచ్చువేసి ఉంటాయి. వాటిలో ఒకటి పెరిగేకొద్దీ తూటా సన్నబడుతుంది. ఇంకొకటి పెరిగేకొద్దీ తూటా పొడవవుతుంది. మూడోది పెరిగేకొద్దీ లోపలి పెల్లెట్లు, అంటే చిన్న గుండ్లు, ఇంకా చిన్నవవుతాయి, అయితే ఒక హద్దు దాటాక అదే అంకె ఉన్న పెల్లెట్ దాదాపు రెండింతలు లావుగా ఉంటుంది. ఒక్కో అంకె ఒక్కో కాలంలో, ఒక్కో దేశంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది. వాటిని ఎవరూ కూర్చుని ఒక పద్ధతిలో పెట్టలేదు. అందుకే గాలిలో ఎగిరే మట్టి పళ్ళేలను కాల్చే ట్రాప్ షూటింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, తాతల నాటి రెండు గొట్టాల తుపాకి లైసెన్సును తమ పేరుకు మార్చుకున్నవాళ్ళు, బ్యాంకుల దగ్గర 12 బోరు తుపాకితో కాపలా ఉద్యోగం చేస్తున్నవాళ్ళు, అమెరికాలో స్థిరపడి క్లే షూటింగ్ మొదలుపెట్టినవాళ్ళు అందరూ దాదాపు ఒకే చోట తడబడతారు. సరిగా చదవకపోతే గొట్టం పగిలే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ విషయాన్ని మొదటి నుంచి నెమ్మదిగా చూద్దాం.

మొదట తుపాకి, తర్వాతే పెట్టె

చాలామంది పెట్టె చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెడతారు. నేను గట్టిగా చెప్పేది దీనికి విరుద్ధం: ముందు తుపాకిని చదవాలి. తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటా కూర్చునే చాంబర్ దగ్గర గొట్టం మీద ఏమి చెక్కారో చూడండి. అమెరికా తయారీ తుపాకుల్లో బోరు, చాంబర్ పొడవు సాధారణంగా గొట్టం పక్కనే కనిపిస్తాయి. యూరప్ తుపాకుల్లో "12/70" లేదా "12/76" అన్న గుర్తు ఉంటుంది. పాత ఇంగ్లిష్ రెండు గొట్టాల తుపాకిని విప్పితే, గొట్టాల అడుగున చదునుగా ఉన్న చోట, తుపాకులను పరీక్షించి ముద్ర వేసే ప్రూఫ్ హౌస్ అనే సంస్థ ముద్రలు కనబడతాయి.

ఆ పాత ఇంగ్లిష్ ముద్రల్లో ఒక చిక్కు ఉంది. 12 బోరు తుపాకి మీదే "13" అనో, "13/1" అనో రాసి ఉండవచ్చు. తుపాకి 13 బోరుది అని దాని అర్థం కాదు. ప్రూఫ్ హౌస్‌లో పరీక్షించిన నాడు గొట్టం లోపలి వ్యాసం 12 బోరు కొలతకు కాస్త తక్కువగా ఉందని అర్థం. 13/1 అంటే 0.719 అంగుళం, 13 అంటే 0.710 అంగుళం. చాంబర్ 12 బోరుదే, వేయవలసిన తూటా కూడా 12 బోరుదే. ఆ గుర్తులు చెరిగిపోయినా, అర్థం కాకపోయినా ఊహించి ముందుకు వెళ్ళవద్దు. లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరికి తీసుకువెళ్ళి చాంబర్ పొడవు కొలిపించండి.

బోరు అంకె ఎక్కడి నుంచి వచ్చింది

గొట్టం లోపల సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఒక పౌండుకు ఎన్ని తూగుతాయో ఆ సంఖ్యే బోరు. పౌండు సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు పోస్తే, ఒక్కో గుండు బరువు 37.8 గ్రాములు, వ్యాసం 18.5 మి.మీ. ఆ గుండు పట్టే గొట్టం 12 బోరు. అదే పౌండుతో ఇరవై గుండ్లు పోస్తే ఒక్కోటి చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. అంకె పెరిగితే తూటా సన్నబడడానికి కారణం ఇదే. అమెరికన్లు గేజ్ అన్నా, మన దగ్గరా ఇంగ్లండులోనూ బోరు అన్నా కొలత ఒక్కటే.

నేటికీ వాడుకలో ఉన్నవాటి వ్యాసాలు ఇవి. 10 బోరు 19.7 మి.మీ., 12 బోరు 18.5, 16 బోరు 16.8, 20 బోరు 15.6, 28 బోరు 14.0. అంకెలో తేడా చూసి కొలతలో తేడాను అంచనా వేయకూడదు. 12కూ 20కీ మధ్య అంకెలో ఎనిమిది తేడా ఉన్నా, వ్యాసంలో తేడా మూడు మిల్లీమీటర్లకు కూడా రాదు. ఈ విషయం కాసేపట్లో మళ్ళీ అవసరమవుతుంది.

.410 మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది బోరు సంఖ్య కాదు, అంగుళాల్లో వ్యాసం: 0.410 అంగుళం, అంటే 10.4 మి.మీ. పౌండు లెక్కలోకి మార్చితే 67 బోరు అవుతుంది. కొన్ని యూరప్ పెట్టెల మీద దీన్నే "36" అని రాస్తారు. అది వాడుకపేరే తప్ప పౌండు లెక్క కాదు.

ఇక్కడ స్కేలు తీసుకుని తూటాను కొలిస్తే అయోమయమే మిగులుతుంది. 12 బోరు అంటే గొట్టం లోపలి కొలత. తూటా తొడుగు దానికన్నా లావుగా, 20 మి.మీ.కి పైగా ఉంటుంది. దాని అడుగున పళ్ళెంలా ఉబికి ఉన్న అంచు 22 మి.మీ. దాటుతుంది. తూటా కూర్చునే చాంబర్ ఆ మేరకు వెడల్పుగా ఉండి, ముందుకు వెళ్ళేకొద్దీ గరాటులా ఇరుకై, గొట్టంలో కలుస్తుంది. ఆ గరాటు భాగాన్ని గుర్తుపెట్టుకోండి. ఇక ముందు చెప్పబోయే రెండు ప్రమాదాలూ అక్కడే జరుగుతాయి.

పసుపు రంగు తూటా

20 బోరు తూటాను పొరపాటున 12 బోరు తుపాకిలో వేస్తే అది చాంబర్ దగ్గర ఆగదు. దాని అంచు వ్యాసం సుమారు 19.5 మి.మీ. చాంబర్ అంతకన్నా వెడల్పు కాబట్టి లోపలికి జారిపోతుంది. గరాటు భాగం ఇరుకైన చోట అంచు తట్టుకుని ఆగిపోతుంది. వెనక నుంచి చూస్తే చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే ఏమీ పేలదు. తూటా వేయడం మరచిపోయానని అనుకుని ఈసారి 12 బోరు తూటా వేస్తే, అది కూడా చక్కగా కూర్చుంటుంది. తర్వాత ట్రిగ్గర్ నొక్కితే వెనక తూటా పేలి, ముందు ఇరుక్కున్న తూటాను గుద్దుతుంది. గొట్టం పగిలేది చాలావరకు ముందు చెయ్యి పట్టుకునే చోటనే. వేళ్ళు పోయినవాళ్ళు ఉన్నారు.

అమెరికాలో 20 బోరు తూటాల తొడుగులు పసుపు రంగులో ఉండడానికి కారణం ఇదే. మిగిలిన రంగులకు అంత ఖచ్చితమైన అర్థం లేదు. 16 బోరుకు ఊదా రంగు వాడడం ఆనవాయితీ. 12 బోరు తూటాలు ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, నీలం, కంపెనీకి నచ్చిన ఏ రంగులోనైనా వస్తాయి. కాబట్టి రంగు చూసి తూటాను ఎన్నుకోకండి. పసుపు కనిపిస్తే మాత్రం ఆగి, అడుగున ఇత్తడి మీద చెక్కిన అంకె చదవండి. ఇంట్లో రెండు బోర్ల తుపాకులు ఉంటే రెండు రకాల తూటాలను ఒకే సంచిలో, ఒకే జేబులో ఎన్నడూ పెట్టకూడదు. 28 బోరు తూటా 20 బోరు తుపాకిలోకి ఇలాగే జారిపోతుంది.

పొడవు: కంటికి కనిపించని కొలత

మూడు అంకెల్లో ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. 12 బోరు తూటాలు 2½ అంగుళాలు (65 మి.మీ.), 2¾ (70 మి.మీ.), 3 (76 మి.మీ.), 3½ (89 మి.మీ.) పొడవుల్లో దొరుకుతాయి. 70 మి.మీ. తూటాను పెట్టెలోంచి తీసి కొలిస్తే అంత రాదు, అరవై దరిదాపుల్లోనే ఉంటుంది. కారణం, తూటా మూతి మడిచి ఉంటుంది. పెట్టె మీద రాసే పొడవు మూతి విప్పుకున్న తర్వాతి పొడవు, అంటే పేలిన తర్వాతి పొడవు.

దీని పర్యవసానం ఏమిటో ఆలోచించండి. 76 మి.మీ. తూటా మడత విప్పుకోక ముందు 70 మి.మీ. చాంబర్‌లో హాయిగా పడుతుంది. తుపాకి మూసుకుంటుంది. ఎక్కడా బిగుతుగా అనిపించదు. పేలిన క్షణంలో మూతి విప్పుకోవడానికి చోటు కావాలి. విప్పుకునే అంచు వెళ్ళి గరాటు భాగంలో ఇరుక్కుంటుంది. పెల్లెట్లు బయటికి వెళ్ళవలసిన దారి ఒక్కసారిగా ఇరుకవుతుంది, లోపలి పీడనం పెరుగుతుంది. ఒకటి రెండుసార్లు ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాలేదన్న ధైర్యమే మూడోసారికి ప్రమాదం. "లోపల పట్టింది కదా" అన్న వాదనకు షాట్‌గన్ విషయంలో ఏ విలువా లేదు.

మన దగ్గర ఇది ప్రత్యేకంగా పట్టించుకోవలసిన సంగతి. ఇళ్ళల్లో వారసత్వంగా వచ్చిన పాత ఇంగ్లిష్ తుపాకుల్లో చాలావాటి చాంబర్లు 2½ అంగుళాలవి. నేటి దుకాణంలో అడగగానే చేతికి వచ్చేది 70 మి.మీ. తూటా. ఈ రెండింటి మధ్య తేడా అయిదు మిల్లీమీటర్లే అయినా, తుపాకి వయసు, గొట్టం గోడ పలచదనం కలిస్తే అది చిన్న తేడా కాదు. చాంబర్ కొలిపించకుండా ఆ తుపాకిలో ఏ తూటానూ వేయకండి.

తక్కువ పొడవు తూటాను ఎక్కువ పొడవు చాంబర్‌లో వేయవచ్చు. 76 మి.మీ. చాంబర్‌లో 70 మి.మీ. తూటా సురక్షితం. అయితే తానే తూటాను బయటికి తోసి తర్వాతిది ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో, ఎక్కువ శక్తి ఉన్న తూటాల కోసం చేసినవి, తేలికపాటి తూటాలతో సరిగా పనిచేయకపోవచ్చు. అది పనితీరుకు సంబంధించిన ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు.

3½ అంగుళాల 12 బోరు తూటా 1988లో వచ్చింది. మిగిలినవాటికీ దీనికీ పొడవులోనే కాదు, పీడనంలోనూ తేడా ఉంది. అమెరికా ప్రమాణాల ప్రకారం 2¾, 3 అంగుళాల 12 బోరు తూటాలకు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు. 3½ అంగుళాల దానికి 14,000. సన్నని బోరులో పీడనం తక్కువ ఉంటుందనుకోవడమూ తప్పే. 20 బోరుకు 12,000, మూడంగుళాల .410కు 13,500.

పెల్లెట్ నంబరు, అమెరికా లెక్క

తూటాలో పోసిన పెల్లెట్లు ఎంత లావున్నాయో చెప్పేది ఈ అంకె. అమెరికా నంబర్లకు ఒక సులువైన సూత్రం ఉంది: 17లోంచి నంబరు తీసేస్తే వచ్చేది అంగుళంలో నూరో వంతుల్లో వ్యాసం. 9 నంబరు: 17లోంచి 9 తీస్తే 8, అంటే 0.08 అంగుళం, 2.0 మి.మీ. 7½ నంబరు: 9.5, అంటే 0.095 అంగుళం, 2.4 మి.మీ. 4 నంబరు: 0.13 అంగుళం, 3.3 మి.మీ. దాదాపు ఎక్కడా తప్పని సూత్రం, గుర్తుపెట్టుకోవడానికి తేలిక.

అంకెలు అయిపోయాక అక్షరాలు మొదలవుతాయి. బీబీ అంటే 0.18 అంగుళం. ఆ పైన బక్‌షాట్, అంటే పెద్ద జంతువుల కోసం చేసిన లావు పెల్లెట్లు. దానికి వేరే వరుస, వేరే అంకెలు. 4 నంబరు బక్ 0.24 అంగుళం, 1 నంబరు బక్ 0.30, ఆ తర్వాత సున్నాలు: ఒక సున్నా 0.32, రెండు సున్నాలు 0.33, మూడు సున్నాలు 0.36. సున్నాలు పెరిగేకొద్దీ పెల్లెట్ లావవుతుంది. "4 నంబరు", "4 నంబరు బక్" అన్నవి పూర్తిగా వేర్వేరు వస్తువులని గమనించారా? మొదటిది 3.3 మి.మీ., రెండోది 6.1 మి.మీ. దుకాణంలో ఒక్క మాట వదిలేస్తే చేతికి వచ్చే పెట్టె మారిపోతుంది.

పెల్లెట్ నంబరు, ఇంగ్లిష్ లెక్క, మన లెక్క

మన దేశంలో వాడుక ఇంగ్లండు నుంచి వచ్చింది. పుణె దగ్గరి ఖడ్కీలో 1869లో మొదలైన అమ్యూనిషన్ ఫ్యాక్టరీ "శక్తిమాన్" పేరుతో 12 బోరు తూటాలు తయారు చేస్తోంది. 2021 అక్టోబరు నుంచి ఆ ఫ్యాక్టరీ మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. మన దుకాణాల్లో వినిపించే ఎల్‌జీ, ఎస్‌జీ అన్న పేర్లన్నీ ఇంగ్లిష్ పట్టికలోవే.

ఆ పట్టికకు 17 సూత్రం పనిచేయదు. అక్కడ ఔన్సుకు ఎన్ని పెల్లెట్లు తూగుతాయన్నదే ఆధారం. ముఖ్యమైనవి చూడండి:

9 నంబరు: 2.0 మి.మీ., ఔన్సుకు 580
7 నంబరు: 2.4 మి.మీ., ఔన్సుకు 340
6 నంబరు: 2.6 మి.మీ., ఔన్సుకు 270
5 నంబరు: 2.8 మి.మీ., ఔన్సుకు 220
4 నంబరు: 3.1 మి.మీ., ఔన్సుకు 170
బీబీ: 4.1 మి.మీ., ఔన్సుకు 70
ఏఏఏ: 5.2 మి.మీ., ఔన్సుకు 35
ఎస్‌ఎస్‌జీ: 6.8 మి.మీ., ఔన్సుకు 15
ఎస్‌జీ: 8.4 మి.మీ., ఔన్సుకు 8
ఎల్‌జీ: 9.1 మి.మీ., ఔన్సుకు 6

అమెరికా 6 నంబరు 2.8 మి.మీ. అంటే అది ఇంగ్లిష్ 5 నంబరుతో సమానం. అమెరికా 7½ ఇంగ్లిష్ 7తో సమానం. 9 దగ్గర రెండూ కలుస్తాయి. పెద్దవాటిలో ఎస్‌జీకి అమెరికాలో దగ్గరిది రెండు సున్నాల బక్, ఎల్‌జీకి మూడు సున్నాల బక్. ఇటలీ నంబర్లు మళ్ళీ వేరు. ఇన్ని పట్టికలు బుర్రలో మోయవలసిన పని లేదు. చాలా పెట్టెల మీద నంబరు పక్కనే మిల్లీమీటర్లు రాసి ఉంటాయి, ఆ అంకె ఒక్కటే నమ్మండి. షాట్‌గన్ పెట్టె మీద దేశం మారినా మారనిది అదే.

వ్యాసంలో చిన్న తేడా బరువులో ఎంత పెద్దదవుతుందో ఊహించడం కష్టం. 2.4 మి.మీ. సీసపు పెల్లెట్ బరువు సుమారు 0.08 గ్రాములు. 8.4 మి.మీ. ఎస్‌జీ పెల్లెట్ మూడున్నర గ్రాములు. వ్యాసం మూడున్నర రెట్లు పెరిగితే బరువు నలభై రెట్లు దాటింది. ఇది దూరానికీ వర్తిస్తుంది. ఫ్రెంచి సేనాధికారి జూర్నే పేరుతో ఒక పాత సూత్రం ఉంది: పెల్లెట్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని 2,200తో గుణిస్తే అది వెళ్ళగల గరిష్ఠ దూరం గజాల్లో వస్తుంది. 2.4 మి.మీ. పెల్లెట్‌కు సుమారు 209 గజాలు. రెండు సున్నాల బక్‌కు 726 గజాలు. ట్రాప్ రేంజ్ కోసం విడిచిన ఖాళీ స్థలంలో ఎస్‌జీ తూటా పేల్చకూడదనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

బరువు, డ్రాము, మాగ్నమ్

తూటాలో మొత్తం ఎంత బరువు పెల్లెట్లు పోశారో యూరప్ పెట్టెల మీద గ్రాముల్లో, అమెరికా పెట్టెల మీద ఔన్సుల్లో ఉంటుంది. ఔన్సు 28.35 గ్రాములు. 1⅛ ఔన్సు 32 గ్రాములు.

అమెరికా పెట్టెల మీద "3 డ్రాములకు సమానం" అన్నట్టు ఒక గుర్తు కనిపిస్తుంది. డ్రాము ఒక పాత తూకం. పొగ వచ్చే నల్ల తుపాకిమందు కాలంలో మూడు డ్రాముల మందు ఎంత వేగం ఇచ్చేదో, ఈ తూటా అంత వేగం ఇస్తుందని దాని భావం. 1⅛ ఔన్సు పెల్లెట్లతో 3 డ్రాములంటే సెకనుకు 1,200 అడుగులు. నేటి పొగలేని మందు ఆ వేగాన్ని చాలా తక్కువ తూకంతోనే ఇస్తుంది. ఆ అంకె చూసి మందు తూచి సొంతంగా తూటా నింపడం ప్రాణాంతకం.

మాగ్నమ్ అంటే ఆ పొడవు తూటాలో మామూలుకన్నా ఎక్కువ పెల్లెట్లు పోశారని అర్థం. అడుగున ఇత్తడి ఎత్తుగా ఉంటే తూటా బలమైనదన్న నమ్మకం కాగితపు తొడుగుల కాలం నాటిది. నేడు దాని మీద ఆధారపడవద్దు.

పెల్లెట్లు దేనితో చేశారన్నది కూడా చదవాలి. అమెరికాలో నీటిపక్షుల వేటకు సీసాన్ని 1991 నుంచి దేశమంతటా నిషేధించారు, దాంతో ఉక్కు పెల్లెట్లు వచ్చాయి. ఉక్కు సీసంకన్నా తేలిక కాబట్టి అదే పనికి రెండు నంబర్లు పెద్ద పెల్లెట్ వాడతారు. ఉక్కు సీసంలా మెత్తనిది కూడా కాదు. పాత తుపాకుల గొట్టాలకు, బాగా ఇరుకైన చోక్‌లకు (గొట్టం చివర ఇరుకు చేసిన భాగాలకు) అది హాని చేస్తుంది. యూరప్‌లో ఉక్కు తూటాలకు పరీక్షించిన తుపాకి మీద లిల్లీ పువ్వు గుర్తు ముద్రిస్తారు. ఆ గుర్తు లేని పాత తుపాకిని సీసానికే వదిలేయండి.

ఒక పెట్టెను మొదటి నుంచి చివరిదాకా

ట్రాప్ షూటింగ్ తూటాల పెట్టెనే తీసుకుందాం. హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో పోటీపడిన విభాగం ఇది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత పురుషుల ట్రాప్ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టులో ఆయన ఉన్నారు, వ్యక్తిగతంగా కాంస్యమూ అందుకున్నారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తూటా 12 బోరు మించకూడదు, పొడవు 70 మి.మీ. మించకూడదు, పెల్లెట్లు 24.5 గ్రాములు దాటకూడదు, ఒక్కో పెల్లెట్ వ్యాసం 2.6 మి.మీ. దాటకూడదు.

పెట్టె మీద "12/70, 24 గ్రా., 7½, 2.4 మి.మీ." అని ఉంది. మొదటి అంకెను గొట్టం మీది బోరుతో పోల్చండి. గీత తర్వాతి 70ని చాంబర్ పొడవుతో పోల్చండి: చాంబర్ 70 గానీ 76 గానీ అయితే సరే, 65 అయితే పెట్టె తిరిగి ఇచ్చేయండి. 24 గ్రాములు నిబంధనలో ఇమిడింది. 7½ పక్కన 2.4 మి.మీ. ఉంది కాబట్టి ఇది అమెరికా లెక్కతో సరిపోయే నంబరు. లోపల మూడు వందలకు కాస్త అటూ ఇటూగా పెల్లెట్లు ఉంటాయి. స్కీట్ అనే ఇంకో రకం పోటీలో పళ్ళేలు దగ్గరగా ఎగురుతాయి కాబట్టి, ఇంకా ఎక్కువ పెల్లెట్లు పట్టే 9 నంబరు, 2.0 మి.మీ. తీసుకుంటారు.

కొనేముందు లైసెన్సు పుస్తకం కూడా చూసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం కింద మన దేశంలో తూటాలకూ లైసెన్సు కావాలి, లైసెన్సులో రాసిన బోరు తూటాలే ఇస్తారు. వన్యప్రాణులను వేటాడడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ పెట్టెల మీద ముద్రించే పక్షుల, జింకల బొమ్మలు మనకు వర్తించవు.

కాల్చిన తర్వాత ఖాళీ తొడుగులను పారేయకుండా ఒకసారి చూడండి. విప్పుకున్న మూతి నుంచి అడుగు అంచుదాకా స్కేలుతో కొలిస్తే, పెట్టె మీద రాసిన పొడవుకు దగ్గరగా రావాలి. మూతి అంచు శుభ్రంగా, గుండ్రంగా ఉంటే చాంబర్‌లో చోటు సరిపోయినట్టే. అంచు చిరిగి, లోపలికి నలిగి, చివర పలచగా సాగినట్టు కనిపిస్తే చాంబర్ పొట్టిదై ఉండవచ్చు. ఆ తుపాకిలో మరో తూటా వేయకుండా, ఆ తొడుగుతో సహా నిపుణుడికి చూపించండి.